ఇంట్లో కట్ల చేప కోశాను, లోపల కనిపించినవి ఏంటో తెలిసినవాళ్ళు చెప్పండి

కైకలూరు_ఆడపడుచు:

అందరికీ నమస్తే అండి. మేం ఉండేది హైదరాబాద్‌లో, మా పుట్టిల్లు కైకలూరు దగ్గర. ఇక్కడ చేప కొన్నామంటే మార్కెట్‌లోనే కోయించి ముక్కలు చేయించి తెచ్చుకోవడమే, ఇన్నేళ్ళలో చేపని చేపగా తెచ్చి నేను కోసింది లేదు. ఈరోజు పొద్దున మా తమ్ముడు ఊరి నుంచి కార్లో వస్తూ చెరువు దగ్గర పట్టిన కట్ల ఒకటి, మూడున్నర కేజీలుంటుంది, ఇంకా బకెట్‌లో కాసిని నీళ్ళు పోసి రెండు కొర్రమీనులు తెచ్చాడు. నా చేతిలో పెట్టి పనుందని వెళ్ళిపోయాడు. ఇక నేనే కత్తిపీట ముందేసుకుని కూర్చున్నా. మా అమ్మాయి తొమ్మిదో క్లాసు, పక్కనే కూర్చుని ఇదేంటమ్మా అదేంటమ్మా అని ఒకటే ప్రశ్నలు, సగానికి పైగా నాకు తెలీలేదు, అందుకే ఇక్కడ అడుగుతున్నా.

కడుపు చీల్చగానే తెల్లగా మెరుస్తూ రెండు బెలూన్లు ఒకదానికొకటి ముడేసినట్టున్న తిత్తి వచ్చింది, నొక్కితే టప్‌మని పేలింది, లోపల గాలి తప్ప ఏమీ లేదు. దానికి పైన వెన్నెముకని అంటుకుని ముదురు ఎరుపులో నెత్తురు గడ్డలాంటిది పొడుగ్గా ఉంది, నెత్తురే అనుకుని స్పూన్‌తో గీకి గీకి తీశా, కానీ నెత్తురైతే అంత తీరుగా ఎందుకుంటుంది అని తర్వాత అనుమానం వచ్చింది. పేగులైతే లాగేకొద్దీ వస్తూనే ఉన్నాయి, మా అమ్మాయి పేపర్ మీద పరిచి చూసింది, చేప పొడవుకి ఎన్నో రెట్లుంది, కానీ ఎంత వెతికినా పొట్ట అని చెప్పుకోడానికి సంచి కనపళ్ళేదు. కోడికైతే కందనకాయ ఉంటుంది కదా, మరి దీనికి?

అన్నిటికంటే ఆశ్చర్యం ఏంటంటే, కట్ల చెరువు గట్టు మీదే కాసేపటికి చచ్చిపోయిందట, కొర్రమీనులు మాత్రం దారిలో బకెట్ ఒరిగి నీళ్ళు దాదాపు అన్నీ పోయినా ఇంటికొచ్చేదాకా కొట్టుకుంటూనే ఉన్నాయి. కోశాక గుండె తీసి గిన్నెలో పెడితే అది కూడా కాసేపు కొట్టుకుంటూనే ఉంది. మా అమ్మాయి ఏడుపు మొహం పెట్టింది, నాకూ చేతులాడలేదు నిజంగా.

ఇంకొకటి. కాలేయం దగ్గర ముదురాకుపచ్చగా చిన్న తిత్తి, పగిలితే చేపంతా చేదెక్కుతుందని మా అమ్మ ఫోన్‌లో చెప్తే జాగ్రత్తగా తీశా. అది పారేయకు, పచ్చిగా మింగితే షుగర్ తగ్గుతుంది, మీ మామయ్యకి ఇవ్వమని మా పెద్దత్తగారు అన్నారు. గిన్నెలో వేసి ఫ్రిజ్‌లో పెట్టాను. ఇవ్వొచ్చంటారా?

డయాలసిస్_సిస్టర్:

అక్కా మిగతావన్నీ తర్వాత, ముందు ఫ్రిజ్‌లో ఉన్న ఆ పిత్తం తిత్తి తీసి పారేయండి. మామయ్యగారికే కాదు ఎవ్వరికీ ఇవ్వొద్దు. పచ్చిది వద్దు, ఉడికించింది వద్దు, మందులో కలిపి వద్దు, ఏ రూపంలోనూ వద్దు.

నేను డయాలసిస్ వార్డులో పని చేస్తాను, చేప పిత్తం మింగి వచ్చినవాళ్ళని నా కళ్ళతో చూశాను. శీలావతి, కట్ల, గడ్డిచేప, ఈ జాతి చేపల పిత్తంలో సిప్రినాల్ అనే పదార్థం ఉంటుంది, అది మన కిడ్నీల మీద నేరుగా దెబ్బ కొడుతుంది, వండినా పోదు. మింగిన కొన్ని గంటల్లో వాంతులు, విరేచనాలు, కడుపులో నొప్పి వస్తాయి, ఇంట్లో వాళ్ళు ఏదో పడలేదులే అనుకుంటారు, అవి తగ్గుతాయి కూడా, తగ్గిపోయింది కదా అని ఊరుకుంటారు, ఈలోపు రెండు మూడు రోజులకి మూత్రం తగ్గిపోతుంది, కాళ్ళు మొహం ఉబ్బుతాయి, అప్పుడు పరుగెత్తుకొస్తే రక్తంలో క్రియాటినిన్, అంటే కిడ్నీలు వడకట్టి బయటికి పంపాల్సిన వ్యర్థం, ఎక్కడికో పెరిగిపోయి ఉంటుంది. లివర్ కూడా దెబ్బతింటుంది. టైమ్‌కి వస్తే కొన్నాళ్ళు డయాలసిస్ చేశాక చాలామందికి కిడ్నీలు మళ్ళీ దారిలో పడతాయి, ఆలస్యమై ప్రాణం పోయినవాళ్ళు కూడా ఉన్నారు. మన దేశంలో డాక్టర్లు ఇలాంటి కేసుల గురించి ఎప్పటినుంచో రాస్తున్నారు, అయినా షుగర్ తగ్గుతుందని, చూపు బాగుపడుతుందని మింగేవాళ్ళు మింగుతూనే ఉన్నారు. పైగా షుగర్ ఉన్న పెద్దాయనకి కిడ్నీలు ముందే కొంచెం అలిసి ఉండొచ్చు. పెద్దత్తగారికి కూడా ఇది చదివి వినిపించండి, ఆవిడ ఇంకో నలుగురికి చెప్పకుండా.

కోసేటప్పుడు పొరపాటున పగిలితే భయపడక్కర్లేదు, ఆ పచ్చరంగు అంటిన ముక్క తీసేసి మిగతాది బాగా కడుక్కోండి చాలు. మింగడమే ప్రమాదం.

కైకలూరు_ఆడపడుచు:

పారేశాను చెల్లీ, ఇప్పుడే. చేతులు వణికాయి రాసింది చదువుతుంటే. మామయ్యగారికి రాత్రి భోజనం ముందు ఇద్దామనుకున్నా. పెద్దత్తకి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టి మొత్తం చదివాను, ఆవిడ చాలాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత మా తోటికోడలికి కూడా చెప్పాలి ఆగు అని పెట్టేసింది.

జువాలజీ_మాస్టారు:

సిస్టర్ చెప్పింది అక్షరాలా నిజం, సరైన సమయానికి చెప్పింది. ఇక మిగతావి నేను చెప్తానమ్మా, కాకినాడలో ముప్పై ఏళ్ళు పిల్లల చేత చేపలు కోయించినవాణ్ణి. మీ అమ్మాయిని కూడా పక్కన కూర్చోబెట్టుకోండి.

మీరు గీకి పారేసిన ఆ నెత్తురు గడ్డ చేప కిడ్నీ. మనకి చిక్కుడు గింజల్లా రెండు విడివిడిగా ఉంటే చేపకి వెన్నెముక కిందుగా పట్టీలాగా సాగి ఉంటుంది. మీరు నెత్తురు అనుకోవడంలో పూర్తి తప్పు కూడా లేదు, ఎందుకంటే మనకి రక్తకణాలు ఎముక మజ్జలో తయారవుతాయి, చేపకి ఆ మజ్జ పని లేదు, దాని బదులు కిడ్నీలో తల వైపు ఉన్న భాగమే రక్తకణాలు తయారు చేస్తుంది. కూరకి మాత్రం గీకి తీసేయడమే మంచిది, అది ఉంటే నీచు వాసన ఎక్కువ.

రెండు బెలూన్లది గాలితిత్తి. చేప కండ నీళ్ళ కంటే కొంచెం బరువు, ఊరికే వదిలేస్తే అడుక్కి పోతుంది, అడుక్కి పోకుండా రోజంతా ఈదుతూ ఉండాలంటే తిన్నదంతా దానికే సరిపోతుంది, అందుకని కడుపులో గాలి నింపుకుని ఉన్నచోటే నిలబడుతుంది. కట్ల, శీలావతి లాంటివాటికి ఈ తిత్తి నుంచి గొంతులోకి సన్నటి గొట్టం ఉంటుంది, పైకొచ్చి గాలి మింగి నింపుకోగలవు, ఎక్కువైతే వదలగలవు. ఇందులో ఇంకో అందమైన సంగతి ఉంది. తిత్తి ముందు భాగానికీ లోపలి చెవికీ మధ్య అటు నాలుగు ఇటు నాలుగు బుల్లి ఎముకలు గొలుసులా ఉంటాయి, 1820లో వెబర్ అనే జర్మన్ శాస్త్రవేత్త వీటి గురించి రాశాడు కాబట్టి ఆయన పేరే ఉండిపోయింది. నీళ్ళలో శబ్దం వస్తే తిత్తిలో గాలి కంపిస్తుంది, ఆ కంపనాన్ని ఈ ఎముకలు చెవికి చేరవేస్తాయి. అంటే అది ఈతకీ పనికొస్తుంది, డప్పు తోలులాగా వినడానికీ పనికొస్తుంది. వాలుగ, జెల్ల లాంటి మీసాల చేపలకీ ఈ ఏర్పాటు ఉంది, అందుకే ఈ రెండు రకాలూ మిగతా చాలా చేపల కంటే బాగా వింటాయి.

పొట్ట మీకు కనపడకపోవడానికి కారణం అది లేకపోవడమే. కట్ల, శీలావతి, మోసు, ఈ కుటుంబం చేపలకి పొట్ట ఉండదు, గొంతు నుంచి తిన్నగా పేగులోకే. నోట్లో పళ్ళు కూడా ఉండవు, పళ్ళు గొంతులో ఉంటాయి, తలకాయ పులుసు తినేటప్పుడు మొప్పల వెనకాల చూడండి, చిన్న దవడ ఎముకలాంటిదానికి పళ్ళు అతుక్కుని కనిపిస్తాయి. ఆకూ నాచూ తినేవాటికి అరగడానికి టైమ్ పడుతుంది కాబట్టి పేగు బారుగా ఉంటుంది, శీలావతి పేగు కట్ల పేగు కంటే కూడా పొడవు. కొర్రమీను కోశారు కదా, గుర్తు చేసుకోండి, దానికి పొట్ట సంచి ఉంటుంది, పేగు పొట్టిగా ఉంటుంది, నోటినిండా పళ్ళు. అది వేటాడి తినే చేప.

ఇక అసలు ప్రశ్న, కట్ల ఎందుకు చచ్చింది కొర్రమీను ఎందుకు బతికింది. దీనికి ముందు మొప్పలు అర్థమవ్వాలి, మొప్పలు అర్థమైతే చేప సగం అర్థమైనట్టే.

లీటరు గాలిలో ఆక్సిజన్ 200 మిల్లీలీటర్ల పైన ఉంటుంది. అదే లీటరు చెరువు నీళ్ళలో, మన ఎండలకి, ఎంత బాగా కలిసినా 5 మిల్లీలీటర్ల చుట్టూనే. పైగా నీళ్ళు గాలి కంటే 800 రెట్లు బరువు. అంత బరువైన నీళ్ళని లాగి తోసి, అంత తక్కువ ఉన్నదాంట్లోంచి ఆక్సిజన్ పిండుకోవాలి. మొప్ప మూత ఎత్తితే ఒక్కో పక్కన నాలుగు విల్లులు కనిపిస్తాయి, ఒక్కో విల్లుకి రెండు వరసల ఎర్రటి దువ్వెన పళ్ళు, ఒక్కో పంటి మీద కంటికి ఆనని పల్చటి రేకులు వేలకొద్దీ. ఆ రేకుల గోడ ఎంత పల్చనంటే అటు నీళ్ళు ఇటు నెత్తురు దాదాపు ఆనుకుని పారుతున్నట్టే. నోరు తెరిచి నీళ్ళు తీసుకున్నప్పుడు మొప్ప మూత మూసుకుంటుంది, నోరు మూశాక మూత తెరుచుకుంటుంది, నీళ్ళు ఎప్పుడూ ఒకే వైపుకి పోతాయి, మన ఊపిరిలాగా వచ్చిన దారినే వెనక్కి పోవు.

ఇప్పుడు బంతి భోజనం ఊహించుకోండి. వడ్డించేవాడు నిండు బకెట్‌తో తూర్పు నుంచి పడమరకి వస్తున్నాడు. తినేవాళ్ళు కూడా కదులుతూ పడమర నుంచి తూర్పుకి పోతున్నారు. ఆకలితో అప్పుడే వచ్చినవాడికి ఎదురయ్యేది అడుగంటిన బకెట్, అయినా వాడు ఆకలి మీద ఉన్నాడు కాబట్టి ఆ అడుగున ఉన్నదీ వదలడు. సగం తిని ముందుకెళ్ళేకొద్దీ ఇంకా ఇంకా నిండు బకెట్లు ఎదురవుతాయి, కాబట్టి చివరిదాకా ఆకులో పడుతూనే ఉంటుంది. అదే ఇద్దరూ ఒకే వైపు నడిస్తే సగం సగం అయ్యాక ఇద్దరూ ఆగిపోయేవాళ్ళు. మొప్ప రేకుల్లో నెత్తురు ఒకవైపు, నీళ్ళు దానికి ఎదురు పారేది ఇందుకే. ఈ ఒక్క ఏర్పాటుతో నీళ్ళలో ఉన్న ఆక్సిజన్‌లో 80 శాతం దాకా లాగేసుకునే చేపలున్నాయి. మన ఊపిరితిత్తులు పీల్చిన గాలిలోంచి పావు వంతు తీసుకుంటే గొప్ప. నేను ఎన్నిసార్లు బోర్డు మీద ఈ బొమ్మ వేశానో లెక్కలేదు, వేసిన ప్రతిసారీ నాకు ఒళ్ళు పులకరించేది.

మరి గట్టు మీద గాలిలో అంత ఆక్సిజన్ ఉంటే కట్ల ఎందుకు చచ్చింది అంటే, ఆ రేకుల్ని విడివిడిగా నిలబెట్టి ఉంచేది నీళ్ళే. నీళ్ళలోంచి తీయగానే, తడిసిన జుట్టు అట్టకట్టినట్టు రేకులన్నీ ఒకదానికొకటి అంటుకుపోతాయి, గాలి తగిలే చోటు ఉండదు, పైగా ఎండిపోతాయి. చుట్టూ ఆక్సిజనే, తీసుకునే దారి లేదు. కొర్రమీనుకి మొప్పల పైన తలలో గూడులాంటి ఖాళీ ఉంటుంది, దాని గోడల నిండా రక్తనాళాలు, గాలి మింగి అక్కడ ఉంచుకుంటుంది. ఒళ్ళు తడిగా ఉంటే చాలాసేపు బయట బతుకుతుంది. కానీ దానికి ఇంకో వైపు ఉంది, మొప్పల మీద మాత్రమే బతకడం దానికి చాలదు, పైకి రానివ్వకుండా వలతో నీళ్ళలోనే అదిమి ఉంచితే చేప అయ్యుండీ ఊపిరాడక చస్తుంది.

గుండె సంగతి. చేప గుండెకి రెండే గదులు, మనకి నాలుగు. గుండెలోకి వచ్చేది అంతా ఒళ్ళంతా తిరిగొచ్చిన చెడు రక్తం, అక్కణ్ణుంచి తిన్నగా మొప్పలకి, మొప్పల్లో ఆక్సిజన్ ఎక్కించుకుని మళ్ళీ గుండెకి రాకుండానే ఒంట్లోకి. గుండె గొంతు కింద మొప్పలకి దగ్గరగా ఉండేది అందుకే. బయటికి తీసినా కొట్టుకోవడానికి కారణం, కొట్టుకోమనే సంకేతం మెదడు నుంచి రాదు, గుండె కండలోనే పుడుతుంది, ఆ కండలో ఉన్న ఓపిక అయిపోయేదాకా కొట్టుకుంటుంది. చేపకి అప్పటికి తెలివి ఉందని దానర్థం కాదు, అమ్మాయికి ఆ మాట చెప్పండి. అయితే కొర్రమీనుని బతికుండగా కోయకండి, ముందు తల మీద గట్టిగా ఒక దెబ్బ వేసి తెలివి తప్పించి కోయండి, దానికీ నరకం తప్పుతుంది మీకూ చేతులు వణకవు.

ఆకివీడు_చెరువు:

మాస్టారు మొప్పల గురించి చెప్పింది చదువుతుంటే మా రాత్రులు గుర్తొచ్చాయండి. మాది చెరువుల మీద బతుకు, కట్ల శీలావతి వేస్తాం. మబ్బు పట్టిన రోజు వచ్చిందంటే మాకు నిద్ర ఉండదు. పగలు ఎండకి నాచు ఆక్సిజన్ వదుల్తుంది, రాత్రి అదే నాచు ఆక్సిజన్ తాగేస్తుంది, అంచేత తెల్లారగట్ల మూడింటికీ ఐదింటికీ మధ్య నీళ్ళలో ఆక్సిజన్ అన్నిటికంటే తక్కువ. పగలు మబ్బేసి ఎండ లేకపోతే నాచు చేసేది తక్కువ, తాగేది మాత్రం అంతే, ఇక చూస్కోండి. టార్చి వేస్తే చెరువంతా నోళ్ళు, పైకి పెట్టి గుటకలేస్తుంటాయి. గాలి తగిలే పైపొరలో కాస్త ఆక్సిజన్ ఎక్కువుంటుందని అక్కడికి చేరతాయి. అప్పుడు నీళ్ళని చిలికి గాలి కలిపే ఏరియేటర్లు వేయాలి, లేకపోతే ఇంజన్ పెట్టి నీళ్ళు పైకి చిమ్మించాలి. ముందు పోయేది కట్లే, శీలావతి కాస్త ఓర్చుకుంటుంది. మా నాన్న హయాంలో ఒక్క రాత్రిలో చచ్చి తేలిన చేపలతో చెరువంతా తెల్లబడింది, పొద్దున్నే గట్టు మీద ఆయన కూర్చున్న తీరు నాకింకా కళ్ళముందే ఉంది. చేప తేలిందంటే రోగమనుకుని మందులు కొట్టేస్తారు కొత్తవాళ్ళు, ముందు ఊపిరి సంగతి చూడండి బాబూ అని చెప్తుంటా నేను.

ఇంకొకటి చాలామందికి తెలీదు, చేప ఒంట్లో పుట్టే అమ్మోనియా ఎక్కువ భాగం మూత్రంలో కాదు, మొప్పల్లోంచే పోతుంది. చెరువు అడుగున మేత కుళ్ళి నీళ్ళలోనే అమ్మోనియా పెరిగిపోతే లోపలిది బయటికి పోదు, అదే విషం. ఆ అమ్మోనియా నుంచే నీళ్ళలో నైట్రైట్ అనేది పుడుతుంది, అది పెరిగితే నెత్తురు ఆక్సిజన్ మోయలేదు, మొప్ప ఎత్తి చూస్తే ఎర్రగా ఉండాల్సింది కాఫీ రంగులో ఉంటుంది. దానికి మేం ఉప్పు చల్లుతాం. చెరువులో చూడాల్సింది ముందు మొప్ప రంగేనండి, డాక్టర్ నాలుక చాపమన్నట్టు. విత్తనం పిల్లల్ని బతికుండగా లారీలో పంపేటప్పుడు ముందు రోజు మేత ఆపేసేది కూడా ఇందుకే, పేగు ఖాళీగా ఉంటే దారిలో నీళ్ళు పాడవ్వవు.

వినడం గురించి చెప్పారు కదా, మేం మేత సంచులకి చిల్లులు పెట్టి కర్రలకి కడతాం, పడవ కర్రకి తగిలిన చప్పుడుకే సంచి చుట్టూ నీళ్ళు కదలడం మొదలవుతుంది. మనిషి అడుగు గట్టు మీద పడినా తెలుస్తుంది వాటికి. చేప పక్కన తల నుంచి తోకదాకా చుక్కల గీత ఉంటుంది చూడండి, ఆ గీత మీద పొలుసులకి సన్న చిల్లులుంటాయి, నీళ్ళ కదలిక అక్కడ పట్టుకుంటాయట, ఫిషరీస్ వాళ్ళు ట్రైనింగ్‌లో చెప్పారు. బురద నీళ్ళలో కళ్ళు పనిచేయకపోయినా ఒకదాన్నొకటి గుద్దుకోకుండా తిరిగేది దాంతోనే.

రాంనగర్_చేపలన్న:

అక్కా నమస్తే, మేం రాంనగర్ మార్కెట్ల చేపలు కోస్తం, మా నాయన గూడ ఇదే పని. మాస్టారు చెప్పినయన్ని నాకు చేతులకు తెలుసు గని పేర్లు తెల్వయి, ఇయాల తెలిసినయి, శానా సంతోషం.

కోసేటోళ్ళకు ఒక మాట. చేదు తిత్తి తల దిక్కే ఉంటది, అందుకే కత్తి తోక దిక్కు చిన్న బొక్క కాడ పెట్టి తలకాయ దిక్కు పైపైన పోనియ్యాలె, లోపలికి గుచ్చొద్దు. పొలుసు తీసుడు గూడ తోక నుంచి తలకు. పొలుసు మీద జిగురు ఉంటది గదా, అది చేపకు చర్మం మీద ఇంకో చర్మం అసొంటిది, దాంతోనే రోగాలు అంటవు, నీళ్ళల్ల జారిపోతది. కూరకు మాత్రం రాళ్ళుప్పు, పసుపు వేసి రుద్దితే పోతది. బతికిన చేపను తొట్టిలకెళ్ళి పట్టుకోవాలంటే చేతులు తడి చేసుకోని పట్టుకోవాలె, పొడి చేతులతోని పడితే ఆ జిగురు ఊడి తర్వాత అక్కడ పుండు అయితది.

శానా మంది గడ్డిచేప, జిలేబీ చేప కోపిచ్చుకోని కడుపుల నల్ల పొర చూసి భయపడ్తరు, కెమికల్ అంటరు, గలీజు చెరువు చేప అంటరు. అది ఏం కాదక్కా, ఆ చేపలకు పుట్టుకతోనే ఉండే రంగు పొర, గీకి తీసేసుకుంటే సరిపోతది. ముక్కల మధ్యల తోలు కింద గోధుమ రంగు పట్టీ ఉంటది, అది గూడ పాడైన మాంసం కాదు. అది ఎందుకట్ల ఉంటదో మాస్టారే చెప్పాలె.

తాజా చేపకు మొప్ప ఎర్రగుంటది, కన్ను ఉబ్బి అద్దం లెక్క ఉంటది, వేలుతోని ఒత్తితే గుంత పడి మల్ల లేస్తది. కన్ను లోపలికి పోయి తెల్లగైతే వద్దు. మొప్ప ఒక్కటే చూసి మోసపోవద్దు, మూడు చూడాలె.

జాలరిపేట_కుర్రోడు:

వైజాగ్ నుంచి. మీరంతా మంచినీళ్ళ చేపల గురించే చెప్తున్నారు, సముద్రం చేపలకి పని రివర్సు. అన్నగారు అడిగిన గోధుమ పట్టీ నాకు తెలుసు, తూర (ట్యూనా) చేపని కోస్తే మొత్తం మాంసమే ఎర్రగా గొడ్డు మాంసంలా ఉంటుంది. చేపలో రెండు రకాల కండ. తెల్లది ఒక్కసారిగా తప్పించుకుని దూకడానికి, వెంటనే అలిసిపోతుంది. ఎర్రది నెమ్మదిగా రోజంతా ఈదడానికి, నెత్తురు బాగా అందాలి, అందుకే ఆ రంగు. చెరువు కట్లకి రోజంతా పరిగెత్తే పని లేదు, సన్న పట్టీ చాలు. తూర పుట్టిన దగ్గర్నుంచి ఆగకుండా ఈదుతుంది, నోరు తెరుచుకుని ఈదితేనే మొప్పల్లోంచి నీళ్ళు పోతాయి, ఆగితే ఊపిరాడదు. దాని కండ చుట్టూ ఉన్న సముద్రం కంటే వెచ్చగా ఉంటుంది, పట్టగానే మంచులో పెట్టకపోతే ఆ వేడికే మాంసం పాడైపోతుంది, మా బోట్లలో అందుకే అంత హడావిడి. సొర చేపకి ఎముకలే లేవు, అంతా మన చెవి డొప్పలో ఉండేలాంటి వంగే మెత్తటి ఎముకే (మృదులాస్థి), గాలితిత్తి కూడా లేదు, నూనెతో నిండిన పెద్ద కాలేయం దాన్ని తేలిగ్గా ఉంచుతుంది.

గాలితిత్తి అంటే మా దగ్గర కచిడి చేప. దొరికిందంటే పేపర్లో వార్త, ఒక్క చేప లక్షలు పలుకుతుంది, ఆ రేటంతా దాని కడుపులో తిత్తిదే, ఎండబెట్టి విదేశాలకి పోతుంది. ఆ జాతి చేపలు తిత్తి పక్క కండలు ఆడించి గుర్రుగుర్రుమని శబ్దం చేస్తాయి, మా తాతలు తెడ్డు నీళ్ళలో పెట్టి కర్ర చివర చెవి ఆనించి ఆ చప్పుడు వినేవారు. ఆ జాతి తలలో రెండు తెల్ల రాళ్ళు కూడా పెద్దగా ఉంటాయి, చిన్నప్పుడు మేం ఏరి దాచుకునేవాళ్ళం. అవి చేప చెవిలో ఉండే రాళ్ళట, ఒరిగిందో నిలబడిందో వాటితోనే తెలుస్తుందట.

జువాలజీ_మాస్టారు:

కండ గురించి కుర్రాడు చక్కగా చెప్పాడు, నేను కలపడానికేం లేదు. సముద్రం చేపకి పని రివర్సు అన్న మాట మాత్రం విప్పి చెప్పాలి, అది చిన్న విషయం కాదు.

మామిడి ముక్కలకి ఉప్పు కలిపి జాడీలో పెడితే ముక్కలోంచి నీళ్ళు ఊరి ఊట దిగుతుంది కదా, సముద్రంలో ఉన్న చేప ఆ మామిడి ముక్క. చుట్టూ ఉప్పు ఎక్కువ, ఒంట్లో తక్కువ, మొప్పల్లోంచి నీళ్ళు బయటికి పోతూనే ఉంటాయి. కాబట్టి అది సముద్రపు నీళ్ళే తాగుతుంది, తాగిన ఉప్పుని మొప్పల్లో ఉన్న ప్రత్యేకమైన కణాలు పంపుల్లా బయటికి తోసేస్తాయి, మూత్రం చాలా కొంచెం. చెరువు చేప నానబోసిన శనగ గింజ. చుట్టూ మంచినీళ్ళు, ఒంట్లో ఉప్పు, నీళ్ళు లోపలికి వచ్చేస్తుంటాయి. అది నీళ్ళు తాగదు, మీరు గీకి తీసిన ఆ కిడ్నీ రాత్రింబవళ్ళు పల్చటి మూత్రం తోడి బయట పోస్తుంది, మొప్పల్లో పంపులు నీళ్ళలో ఉన్న కాస్త ఉప్పునీ లోపలికి లాక్కుంటాయి.

ఇప్పుడు పులస గురించి ఆలోచించండి. బంగాళాఖాతంలో ఉన్నప్పుడు దాన్ని విలస అంటారు, వానాకాలంలో గోదావరికి ఎర్రనీరు రాగానే గుడ్లు పెట్టడానికి ఎదురీదుతూ ధవళేశ్వరం ఆనకట్ట దాకా వస్తుంది. కొద్ది రోజుల్లో మామిడి ముక్క శనగ గింజ అయిపోవాలి. నీళ్ళు తాగడం మానాలి, మొప్పల్లో పంపులు తిరగబడాలి, కిడ్నీ పని ఒక్కసారిగా పెరగాలి, ఆ మార్పుల మధ్యనే వరదకి ఎదురీదాలి, ఒంట్లో గుడ్లు మొయ్యాలి. అదంతా సముద్రంలో కూడబెట్టుకున్న కొవ్వుతో నడుపుకొస్తుంది. పుస్తెలమ్మి అయినా పులస తినాలని మనవాళ్ళు నాలుకతో చెప్పారు, నేను మాత్రం ఆ చేపని చూసినప్పుడల్లా దాని మొప్పల గురించే ఆలోచిస్తాను.

కైకలూరు_ఆడపడుచు:

అందరికీ ఎన్ని దండాలు పెట్టినా తక్కువే. మాస్టారూ, మీరు చెప్పినట్టే తలకాయ పులుసులో గొంతు పళ్ళు దొరికాయి! మా అమ్మాయి కడిగి ఎండబెట్టి అగ్గిపెట్టెలో దాచుకుంది, స్కూల్‌కి పట్టుకెళ్తుందట. బంతి భోజనం బొమ్మ నోట్‌బుక్‌లో వేసుకుంది. ఇప్పుడు కొత్త ప్రశ్న పట్టుకుంది. కట్ల పొలుసు ఒకటి తీసి ఫోన్ కెమెరాతో పెద్దది చేసి చూస్తే చెట్టు మానులో ఉన్నట్టు గుండ్రటి గీతలు చాలా కనిపించాయి. అవి లెక్కపెడితే చేప వయసు తెలుస్తుందా అని అడుగుతోంది. మా తమ్ముడు మాత్రం చెరువులో వేసి ఏడాదిన్నర కూడా అవ్వలేదంటున్నాడు, గీతలేమో లెక్కలేనన్ని ఉన్నాయి.

జువాలజీ_మాస్టారు:

గీత ఒక్కొక్కటీ ఒక్కో ఏడాది కాదు. చేప పెరిగేకొద్దీ పొలుసు అంచున గీత మీద గీత పడుతూనే ఉంటుంది, మేత బాగా దొరికినప్పుడు దూరం దూరంగా, పెరుగుదల మందగించినప్పుడు దగ్గర దగ్గరగా. చలి దేశాల్లో శీతాకాలంలో చేప దాదాపు పెరగడం ఆగిపోతుంది కాబట్టి ఏడాదికొక చోట గీతలన్నీ గుంపుగా దగ్గరపడి పట్టీలా కనిపిస్తాయి, అక్కడివాళ్ళు ఆ పట్టీలు లెక్కపెడతారు. మన దగ్గర ఏడాది పొడుగునా నీళ్ళు వెచ్చగానే ఉంటాయి కాబట్టి ఆ పట్టీలు అంత స్పష్టంగా రావు, పైగా చెరువులో మేత వేసి పెంచిన చేప. అమ్మాయిని ఇంకో రెండు పొలుసులు తీసి చూడమనండి, గీతలు దగ్గరపడిన చోటు అన్నిట్లోనూ ఒకే దూరంలో ఉంటే, ఆ నెలల్లో చెరువులో ఏం జరిగిందో తమ్ముణ్ణి అడిగి చూడండి.

ఆకివీడు_చెరువు:

డిసెంబర్, జనవరి చలికి మేం మేత తగ్గిస్తామండి, ఆ టైమ్‌లో సరిగా తినవు. దగ్గరపడిన గీతలు అక్కడివే అయ్యుంటాయి. ఈసారి పట్టుబడికి నేనూ పొలుసు తీసి చూస్తా.